గృహిణీ గోష్ఠి: ఇంటి జ్ఞాపకములకు భాండాగారము



దాచుట యెట్లో మన తల్లులు మనకు నేర్పినారు. ఏడాది ఆవకాయను ఒకే జాడీలో పెట్టక రెండు మూడు జాడీలకు పంచుట వారి పద్ధతి. ఒకదానికి తడి తగిలి బూజు పట్టినను తక్కినవి నిలుచునని వారి యెఱుక. నేడు మన యిండ్లలో మఱియొక సొత్తు పెరుగుచున్నది. పిల్లల ఫొటోలు, పెండ్లి వీడియోలు, గతించిన పెద్దల కంఠస్వరములు, పొలము దస్తావేజుల నకళ్లు, ఇవన్నియు ఒక చేతిఫోనులో పడియున్నవి. ఆ ఫోను నీళ్లలో పడిననాడు గాని వాని విలువ మనకు తెలియుట లేదు.

‘ఇంటిలో నందఱి ఫొటోలు ఒకచోట దాచు నాస్ అను పెట్టె కొనవచ్చునా? కొన్నచో ఎట్టిది కొనవలయును?’ అని కొందఱు సోదరీమణులు లేఖలు వ్రాసియున్నారు. మావారు తమ పాఠముల పత్రములు దాచుటకై యిట్టి పెట్టెను కొనదలచినపుడు మేమిరువురము విచారించి తెలిసికొన్న సంగతులను ఈ నెల విన్నవించుచున్నాను.

నాస్ అనునది ఒక చిన్న కంప్యూటరు. దానియందు హార్డ్ డిస్కులు అమర్చుటకు అరలుండును. దానిని తీగతో ఇంటి రౌటరునకు కలిపినచో, ఇంటిలోని ఫోనులును కంప్యూటర్లును దానిలో దాచుకొనవచ్చును, దానినుండి తీసికొనవచ్చును. గూగుల్ ఫొటోస్ వారు 2021 జూను 1వ తేదీనుండి ఉచితముగా అపరిమితముగా దాచు సదుపాయమును ముగించి, 15 గిగాబైట్లకు మించినచో బాడుగ పుచ్చుకొనుచున్నారు. ఆ బాడుగ ఏటేట చెల్లింపనొల్లనివారికి ఈ పెట్టె ఒక మార్గము.

మొదట పరిమాణము చూడుడు. ఒక ఫొటో నాలుగు మెగాబైట్లని లెక్కించినచో, ఒక టెరాబైటులో రెండున్నర లక్షల ఫొటోలు పట్టును. వీడియోలే చోటును మ్రింగునవి. ఫోనుతో తీసిన గంట వీడియో నాలుగు మొదలు ఎనిమిది గిగాబైట్ల వరకు ఆక్రమించును. ఇప్పుడున్నదంతయు కూడి, దానికి మూడింతలు చోటుండునట్లు కొనుట మేలు. మధ్యతరగతి కుటుంబమునకు నాలుగు టెరాబైట్లు చాలకాలము వచ్చును.

రెండవది అరల సంగతి. రెండు అరల పెట్టెలో రెండు డిస్కులుంచి, ఒకదానిలో వ్రాసినది రెండవదానిలోను తనంతట వ్రాయబడునట్లు చేయవచ్చును. దీనిని రెయిడ్ 1 అందురు. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ పండితులు మువ్వురు ప్రకటించిన వ్యాసముతో రెయిడ్ అను పేరు ప్రసిద్ధికెక్కినది. ఈ పద్ధతిలో నాలుగేసి టెరాబైట్ల డిస్కులు రెండు కొన్నను మనకు దక్కు చోటు నాలుగే. కాని ఒక డిస్కు చెడినను రెండవది పని నడుపును.

ఇచ్చటనే పలువురు మోసపోవుచున్నారు. ‘రెండు డిస్కులున్నవి గదా, ఇక భయమేల?’ అందురు. ఈ జంట డిస్కులు అద్దము వంటివి. ముఖమునకు మసి యంటినచో అద్దమునందును మసియే కనబడును. పసివాడు ఒక ఫొటోల సంచిని తుడిచివేసినచో ఆ క్షణముననే రెండింటిలోను తుడిచిపోవును. దొంగ పెట్టెనెత్తుకొని పోయినను, పిడుగు పడినను రెండును ఒక్కసారి పోవును. మా పినతల్లి కూతురి యింట విద్యుత్తీగ వెంట పిడుగు దిగి పెట్టెయు, దానిలోని రెండు డిస్కులును కాలిపోయినవి. ఆమె బిడ్డ నామకరణపు ఫొటోలు దక్కినవనగా, వేఱొక డిస్కులో ప్రతి తీసి పుట్టింట దాచియుంచిన పుణ్యమే.

కావున నా మాట యేమనగా, పెట్టె వెల అడుగుటకు ముందు ప్రతి వెల లెక్క వేయుడు. మూడు ప్రతులు, రెండు విధముల సాధనములు, అందొకటి ఇంటికి వెలుపల అనునది తెలిసినవారి నియమము. ధనము చాలనిచో రెండు అరల పెట్టెను మానుకొని, రెండు మామూలు డిస్కులు కొని, ఒకటి మీ యింట, ఒకటి పుట్టింట ఉంచుట మేలు. పెట్టె సౌకర్యమునకు, ప్రతి రక్షణకు.

మూడవది డిస్కుల జాతి. ఎస్.ఎం.ఆర్. అను రకమున వ్రాత చాళ్లు బంగాళాపెంకులవలె ఒకదానిపై నొకటి కొంత కప్పుకొని యుండును. ఒక పెంకును మార్చవలెనన్న చుట్టుపట్లవి కదలింపవలసినట్లే, అందు తిరిగి వ్రాయుట ఆలస్యమగును. చెడిన డిస్కును మార్చి జంటను నింపునపుడు ఇది మిక్కిలి బాధించును. వెస్టర్న్ డిజిటల్ వారి రెడ్ డిస్కులలో కొన్ని యీ జాతివని 2020లో వెల్లడియై పెద్ద వివాదము చెలరేగినది. కావున అంగడివానిని ‘ఇది సి.ఎం.ఆర్. డిస్కేనా?’ అని యడిగి కొనుడు. పెట్టె తయారుచేసినవారు అంగీకరించిన డిస్కుల పట్టికను గూడ ముందు చూడవలయును.

నాలుగవది, పెట్టెలోని ప్రోగ్రాములకు ఎన్నియేండ్లు మరమ్మతులు పంపుదురో విచారింపుడు. మై బుక్ లైవ్ అను పెట్టెలకు 2015తో మరమ్మతులు నిలిచినవి. 2021 జూనులో దుర్మార్గులు ఇంటర్నెట్టు ద్వారా ప్రవేశించి, ఆ పెట్టెలనేకములలోని సొత్తును తుడిచివేసిరి. పెట్టెను ఇంటి రౌటరు దాటి బయటి లోకమునకు తెరచియుంచకుండుట ఉత్తమము. గడచిన దినముల స్థితిని గుర్తుంచుకొను స్నాప్‌షాట్ సదుపాయమున్న పెట్టె దొరకినచో ఇంకను మంచిది. పిల్లలు తుడిచినది కొంతవఱకు తిరిగి పొందవచ్చును.

ఇక కరెంటు. ఇరువది వాట్లు లాగు పెట్టె రేయింబవళ్లు నడచినచో నెలకు పదునాలుగు పదునైదు యూనిట్లగును. వ్రాయుచుండగా కరెంటు పోవుట డిస్కులకు హానికరము. యూపీఎస్ పెట్టి, దాని యూఎస్‌బీ తీగను పెట్టెకు కలిపినచో, బ్యాటరీ తగ్గినపుడు పెట్టె తనంతట మెల్లగా ఆగిపోవును. బీరువాలో మూసియుంచక, గాలి తగులుచోట పెట్టవలయును.

చివరి మాట స్త్రీలమైన మనకు ముఖ్యమైనది. పెక్కు ఇండ్లలో పెట్టె పాస్‌వర్డు పురుషునికొక్కనికే తెలియును. ఆయన ఊరిలో లేనినాడు, లేక ఎన్నటికిని లేనినాడు, ఇల్లాలు తన పెండ్లి ఫొటోలను తానే తెరువలేకపోవును. రహస్యలిపిలో దాచిన డిస్కైనచో ఆ తాళము పోయినప్పుడు తయారుచేసినవారును తెరువలేరు. కావున పాస్‌వర్డును కాగితముపై వ్రాసి, నగల పెట్టెలో దస్తావేజులతో పాటు ఉంచుడు. ఇంటిలో ఇరువురకు తెలియవలయును.

మన గ్రంథములు నిలిచిన తీరును స్మరింపుడు. పంతొమ్మిదవ శతాబ్దమున బ్రౌను దొర తాళపత్రములను సేకరించి, కడపయందు పండితులచేత ప్రతులు వ్రాయించి, వానిని ఒకదానితో నొకటి సరిచూపించెను. వ్రాయుటయేకాదు, సరిచూచుటయు పనియే. మీరును ఆరు నెలలకొకసారి పుట్టింటి డిస్కును తెచ్చి, క్రొత్త ఫొటోలను చేర్చి, పాతవానిలో నాలుగైదు తెరచి చూడుడు. తెరువబడినచో మీ సొత్తు మీయొద్ద నున్నదని నమ్మవచ్చును.

ఈ మాసమున పెట్టె కొనలేకున్నను, ఒక డిస్కు కొని ఒక ప్రతి తీయుట మాత్రము మానకుందురు గాక.