గొట్టం మారితే కాలుష్యం పోదు

పటాన్‌చెరు ప్రాంతం రెండు పెద్ద నదుల పరీవాహకాలు విడిపోయే చోట ఉంది. ఒక పక్క పడిన వాన నక్కవాగులో చేరి మంజీరకు, మంజీర వెంట కందకుర్తి దగ్గర గోదావరికి వెళ్తుంది. కొద్ది దూరం అవతల పడిన వాన మూసీ దారి పట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఈ ప్రాంత పరిశ్రమల వ్యర్థజలం ఏళ్ల తరబడి నక్కవాగు మీదుగా గోదావరి వైపు పారింది. జనం తిరగబడి, కేసులు నడిచాక 18 కిలోమీటర్ల గొట్టం వేసి, హైదరాబాద్ నగర మురుగులో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి, అక్కడి నుంచి మూసీకి పంపారు. అంటే గోదావరి భారాన్ని కృష్ణ మీదికి తోశారు. దీన్ని పరిష్కారం అని పిలవడంలోనే మన ఆలోచనలోని అసలు లోపం బయటపడుతోంది. నేల, నీరు, గాలి, ప్రాణులు ఒకదానిలోంచి ఒకటి ప్రవహించే ఒకే వ్యవస్థ. మనం మాత్రం కాలుష్యాన్ని ఒక చోట తగ్గించి మరో చోట పోసి, లెక్క సరిపోయిందనుకుంటున్నాం.

ఈ నేల స్వభావం తెలిస్తే ఇక్కడ నష్టం ఇంత లోతుకు ఎందుకు దిగిందో అర్థమవుతుంది. ఇక్కడి ఊళ్లను బతికించింది గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. వాన నీటిని ఒడిసిపట్టేందుకు తరతరాలుగా పనికొచ్చిన ఆ ఏర్పాటే, పై కుంటలో పడిన విషాన్ని కింది ఊరికి మోసుకెళ్లింది. అడుగున ఉన్నది గ్రానైటు రాయి. ఆ రాతి పగుళ్లలోనే భూగర్భజలం నిలుస్తుంది, కదులుతుంది. చెరువులో ఇంకిన రసాయనం ఏ పగులు వెంట ఏ బోరుకు చేరుతుందో పైనుంచి చూసి చెప్పలేం. 1970ల్లో వెనుకబడిన ప్రాంతమని రాయితీలిచ్చి ఇక్కడ పరిశ్రమలు పెట్టించినప్పుడు ఈ లెక్క ఎవరూ వేయలేదు. ఖాజీపల్లి, గండిగూడెం, ఇస్నాపూర్, కిష్టారెడ్డిపేట చెరువుల పేర్లు పంటల కన్నా కాలుష్యంతోనే ఎక్కువగా వినిపించే రోజులొచ్చాయి. 1990లో విషయం సుప్రీంకోర్టుకెక్కింది. అక్కడి నుంచి హైకోర్టుకు, తర్వాత జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు బదిలీ అయి, 2017లో గానీ తీర్పు రాలేదు. ఒక తరం రైతులు ఆ మధ్య కాలంలోనే ముసలివాళ్లయ్యారు.

అన్నిటికన్నా గంభీరమైన సాక్ష్యం కంటికి కనిపించని ప్రాణుల దగ్గర ఉంది. 1994లో పటాన్‌చెరులో మొదలైన ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రానికి తొంభై దాకా ఔషధ కంపెనీల నుంచి వ్యర్థజలం వచ్చేది. అక్కడ శుద్ధి అయి బయటికొచ్చిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని తేలింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత మోతాదు ఉండదు. 2009లో వచ్చిన మరో అధ్యయనంలో ఆ కేంద్రం నీరు చేరని చెరువుల్లోనూ, ఊరి బావుల్లోనూ మందుల అవశేషాలు దొరికాయి. గొట్టానికి బయట వేరే దారులు కూడా ఉన్నాయన్నమాట. 2013లో ఇలాంటి శుద్ధి కేంద్రంలోని బ్యాక్టీరియాను పరీక్షిస్తే, 86 శాతం రకాలు ఇరవై, అంతకు మించిన యాంటీబయాటిక్‌లకు లొంగలేదు. మురుగును శుద్ధి చేయాల్సిన తొట్టే మొండి క్రిములకు నారుమడి అయింది. ఇక్కడ పుట్టిన మొండితనం ఇక్కడే ఉండిపోదు. క్రిములు తమ నిరోధక జన్యువులను పక్క జాతి క్రిములకు అందిస్తాయి. నీటిలోంచి మట్టికి, మట్టిలోంచి పశువుకు, మనిషికి చేరతాయి. 2008లో భారత్‌లో చికిత్స పొందిన రోగిలో మొదట గుర్తించిన ఎన్‌డీఎం-1 జన్యువు, ఉత్తర ధ్రువానికి దగ్గర్లోని స్వాల్‌బార్డ్ మట్టిలో ఉన్నట్టు 2019లో వెల్లడైంది. అది పటాన్‌చెరు నుంచే వెళ్లిందని ఎవరూ అనలేదు, అనక్కర్లేదు కూడా. పక్షుల వెంట, మనుషుల వెంట మంచు దేశం దాకా వెళ్లగలిగినదానికి మండల సరిహద్దు అడ్డమా?

దీనికి కొందరు చెప్పే జవాబు, అదంతా పాత కథ, ఇప్పుడు పెద్ద కంపెనీలు చుక్క నీరు బయటికి వదలని పద్ధతి అమలు చేస్తున్నాయని. అది ముందడుగే, కాదనను. అయితే ఆ పద్ధతిలో నీటిని మరిగించి ఆవిరి చేస్తే అందులోని లవణాలు, రసాయనాలు మాయమైపోవు. అడుగున గట్టిపడి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల పూడిక కేంద్రం లాంటి చోటికి చేరతాయి. మరిగించడానికి బాయిలరు మండాలి, పొగ గాలిలో కలవాలి. తేలిగ్గా ఆవిరయ్యే ద్రావకాలు నేరుగా గాలి దారే పడతాయి. చలికాలం రాత్రుల్లో నేలకు దగ్గర చల్లగాలి, పైన వెచ్చని గాలి నిలిచినప్పుడు అవి పైకి పోలేక ఊళ్ల మీదే కమ్ముకుంటాయి. నీటి లెక్క సున్నా అయిన చోట గాలి లెక్క, నేల లెక్క పెరిగి ఉండొచ్చు. మూడింటినీ కలిపి చూడకపోతే ఆ సున్నాను నమ్మలేం.

మరో అభ్యంతరం ఇంకా బలమైనది. ఈ కంపెనీలు ప్రపంచానికి చౌక మందులిస్తున్నాయి, వేలమందికి కూడు పెడుతున్నాయి, నిబంధనలు బిగిస్తే ధరలు పెరిగి పేద రోగే నష్టపోతాడంటారు. చౌక మందు అవసరాన్ని తక్కువ చేయలేం. కానీ మందును పనికిరాకుండా చేసే పద్ధతిలో తయారైన మందు చౌక ఎలా అవుతుంది? 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా 12.7 లక్షల మరణాలకు కారణమైందని అంతర్జాతీయ అంచనా. ఆ మొండితనానికి విచ్చలవిడిగా మందులు వాడటం, ఆసుపత్రుల అపరిశుభ్రత, కోళ్ల ఫారాలు కూడా కారణాలే. అయితే కోట్లమంది రోగుల అలవాటు మార్చడం కన్నా, లెక్కకందే కొన్ని ఫ్యాక్టరీల గేటు దగ్గర మందును ఆపడం ఎంతో సులువు. ఇక ఫ్యాక్టరీలను ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి తరలిస్తే చాలన్న వాదన ఉంది. అది 18 కిలోమీటర్ల గొట్టానికి మరో రూపమే. అవతల కూడా చెరువులున్నాయి, బోర్లున్నాయి, మనుషులున్నారు.

చేయాల్సినవి కొత్తవేమీ కావు. ఔషధ పరిశ్రమల వ్యర్థాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడతామని కేంద్ర ప్రభుత్వం 2020 జనవరిలో ముసాయిదా ఇచ్చింది. 2021లో వచ్చిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు. వాటిని తిరిగి చేర్చాలి. ఈ వ్యర్థాల నిర్వహణపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో మార్గదర్శకాలిచ్చింది, ప్రమాణాలు తెలియవనే సాకు ఇక చెల్లదు. నక్కవాగు, మూసీ, చెరువుల మట్టి, బోరు నీరు, రాత్రి గాలి, ఆసుపత్రుల్లో కనిపించే మొండి క్రిములు, వీటన్నిటి కొలతలను కాలుష్య నియంత్రణ మండలి ఒకే పట్టికలో, తెలుగులో, నెలనెలా ఊరి ముందు పెట్టాలి. పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్లు దశాబ్దాల పాటు అడిగిన జవాబుదారీతనం అప్పుడే మొదలవుతుంది. సంగారెడ్డి జిల్లా ప్రజాప్రతినిధులను ఓటరు ఇకమీదట అడగాల్సిన ప్రశ్న ఒకటే. మా ఊరి నుంచి తీసిన కాలుష్యాన్ని ఎవరి ఊరికి పంపారు? దానికి జవాబు చెప్పలేని ఏ పథకాన్నీ మనం ఒప్పుకోకూడదు.