పాత మోటారు సైకిలు - క్రొత్త భాగములు

గత వర్షాకాలమున మన పాఠశాల పూర్వ విద్యార్థి యొకడు మోటారు సైకిలుపై ఆవరణలోనికి వచ్చెను. అతడు హైదరాబాదు నగరమున హైటెక్ సిటీయందు కంప్యూటరు ఉద్యోగి. వాహనము మాత్రము వయస్సున అతనికంటె పెద్దది. దాని మ్రోతకు తరగతి గది కిటికీ అద్దములు వణకినవి. పదవ తరగతి బాలురు గంట కొట్టకమునుపే బయటకు వచ్చి మూగిరి. వారి ముఖములలోని యాశ చూచినందుననే యీ నాలుగు మాటలు వ్రాయ బూనితిమి.

ఆ వాహనము రాజ్‌దూత్ 350. జపాను దేశపు యమహా కంపెనీ 1973లో ఆర్‌.డి. 350 అను పేర వెలువరించిన దానిని మన దేశమున ఎస్కార్ట్స్ కంపెనీవారు 1983లో ఈ పేరుతో తయారు చేయ మొదలిడిరి. 347 సి.సి.ల టూ స్ట్రోక్ ఇంజను, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. ఆనాటి బుల్లెట్టు 350కి 18 అశ్వబలము మాత్రమే యుండగా దీనికి 30కి పైబడి యుండెను. పిమ్మట పెట్రోలు ఖర్చు తగ్గింపగోరి 27కు దించిరి. జపాను వాహనమునకు ముందు చక్రమున డిస్కు బ్రేకు గలదు. ఇక్కడ వెల తగ్గించుటకై డ్రమ్ము బ్రేకు నమర్చిరి. బలము తగ్గినను చాల మిగిలియుండెను. ఆపుశక్తి మాత్రము కొరతపడెను. ఈ యొక్క మాట మనసున నుంచుకొని తక్కినది చదువగోరెదము.

దీని తయారీ నిలిచి మూడు దశాబ్దములు దాటినది. కనుక దీనిని నడుపువాడు భాగములు మార్చక తప్పదు. రాణీగంజ్ దుకాణములలోను, ఎర్రగడ్డ ఆదివారపు సంతలోను వెదకి, దొరకనిదానికి మరియొక బండి భాగమును సరిపుచ్చుకొనవలెను. ఇది తప్పని మేమనము. ప్రతి మరయు పుట్టినప్పటిదే కావలెనని పట్టుపట్టు అభిమానులతో మేము ఏకీభవింపము. కర్మాగారమునుండియే కొరతతో వచ్చిన బ్రేకును పూజించుటలో అర్థమేమి?

అయితే మన యువకుడేమి చేసెను? సైలెన్సర్లు తీయించి లావు పొట్టగల ఎక్స్‌పాన్షను గొట్టములు వేయించెను. గాలి వడపోత డబ్బా తీయించి తెరపి ఫిల్టర్లు బిగింపించెను. కార్బురేటర్లు మరియొక బండివి. ఈ మార్పులచేత ఇంజనులోనికి గాలి హెచ్చును. ఆ గాలికి తగినంత పెట్రోలు పోవలెనన్న కార్బురేటరులోని ఇత్తడి జెట్టు పెద్దది వేయవలెను. అది వేయలేదు. పెట్రోలు పలుచనైన మిశ్రమము మిక్కిలి వేడిగా మండును. తుదకు పిస్టను నెత్తిన రంధ్రము పడును. అంతేకాదు, ఈ యింజనుకు చమురు ప్రత్యేకమైన తొట్టినుండి చిన్న పంపు ద్వారా వచ్చును. థ్రాటిల్ ఎంత తెరచిన చమురంత పోవునట్లు ఆ పంపును తీగెతో కలిపియుందురు. కార్బురేటర్లు మార్చినవాడు ఆ తీగె కొలతను సరిచూడలేదు. పైగా అతడు తిరుగు త్రోవ ఎట్టిది? 1998లో సైబర్ టవర్స్ వెలసిన యాచోట నేడు సాయంకాలమైన కార్ల నడుమ అడుగడుగునకు నిలువవలసినదే. గాలి తగిలి చల్లబడవలసిన ఇంజనుకు గాలియే తగులదు. ఔటర్ రింగు రోడ్డు ప్రధాన మార్గముపైకి ద్విచక్ర వాహనములను రానీయరు. ఆరవ గేరుకు పని యెక్కడ?

మేము, "నాయనా, బ్రేకు మాటేమి?" యని యడిగితిమి. "అది తరువాత చేయింతును సార్" అనెను.

నెల తిరుగక మునుపే, వాన కురిసిన సాయంకాలము మాదాపురమున ముందుపోవు ఆటో హఠాత్తుగా నిలిచెను. ఇతడు ఆపలేక ప్రక్కకు త్రిప్పి పడిపోయి, మెడక్రింది యెముక విరుగగొట్టుకొనెను. శిరస్త్రాణమున్నందున ప్రాణము దక్కినది. వాని తల్లి యాసుపత్రి వసారాలో మమ్ము చూచి పలుకలేదు. ఆవరణలో ఆనాడు గట్టిగా మందలింపక చిరునవ్వు నవ్వితిమన్న సంగతి మాకును గుర్తున్నది.

కావున మా యభిప్రాయమిది. మార్పు బ్రేకుతో మొదలుకావలెను, టైర్లు రెండవవి, ఇంజను కడపటిది. శబ్దమునకు అసలు స్థానమే లేదు. అట్టి సైలెన్సర్లను పోలీసువారు ఊడదీసి రోడ్డు రోలరు క్రింద నలిపించిన ఛాయాచిత్రములు పత్రికలలో చూచితిమి; జాలి కలుగలేదు.

డిస్కు బ్రేకు అమర్చుటయు సులభమైన పని కాదు. వేరొక బండి ముందు ఫోర్కు తెచ్చినచో దాని పొడవు, లావు, చక్రపు ఇరుసు సరిపోవలెను. పొట్టిదైన ముందుభాగము క్రుంగి నడక మారును. చేతి పిడియొద్ద నుండు మాస్టరు సిలిండరు కాలిపరుకు మించి పెద్దదైనచో పిడి రాయివలె గట్టిపడునేగాని చక్రము నిలువదు.

మరి చట్టమేమనుచున్నది? 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదు. 2019లో సుప్రీముకోర్టును ఇట్లే తీర్పు చెప్పెను. ఆ సంవత్సరపు సవరణతో ప్రతి మార్పునకు అయిదువేల రూపాయల జుల్మానా, లేదా ఆరు నెలలవరకు ఖైదు విధింపవచ్చును. చెవులు చిల్లులుపడు గొట్టమును, మంచి బ్రేకును ఒకే త్రాసున తూచుట మాకు సబబుగా తోచదు. పరీక్షించి మేలైన బ్రేకునకు అనుమతి నిచ్చు మార్గము ప్రతి రవాణా కార్యాలయమునను సుళువుగా నుండవలెను. అంతవరకు అడిగి చేయుటయే మర్యాద. పదునెనిమిదేండ్లు నిండని కొడుకునకు ఇట్టి బండి తాళము చేతికిచ్చు తలిదండ్రులు మాత్రము, పట్టుబడిన శిక్ష తమకేయని తెలిసికొందురుగాక. ఇరువదియైదు వేల జుల్మానాయు, మూడేండ్లవరకు చెరయు గలవు.

"ఆ పాత యినుమును అమ్మివేసి క్రొత్తది కొనరాదా?" యని మా సహోపాధ్యాయులొకరు అనిరి. క్రొత్తవాటికి చక్రము బిగిసి జారకుండ ఏ.బి.ఎస్. ఉన్నమాట నిజమే. కాని చేతికి నూనె అంటని చదువు మన బాలురకు ఇప్పటికే హెచ్చుగా నున్నది. ఇంజనులోనికి చూచి కారణము వెదకువాడొకడు తరగతికి ఉన్న చాలునని మా కోరిక.

యువకుని యెముక అతికినది. రవాణా కార్యాలయమునకు అర్జీ పెట్టుకొని, జవాబు వచ్చువరకు డిస్కు ఫోర్కును ఇంటిలోనే యుంచినాడు. ఈలోగా పాత డ్రమ్మును లేతుపై గుండ్రన తీయించి, క్రొత్త లైనింగు వేయించి, రెండు బ్రేకు చెప్పులును ఒక్కసారిగా తగులునట్లు కడ్డీ సవరించెను. పాత సైలెన్సర్లు మరల ఎక్కినవి. మొన్న వచ్చినప్పుడు శబ్దము లేదని బాలురు చిన్నబుచ్చుకొనిరి. అతడు పానా తీసి స్పార్కు ప్లగ్గు ఊడదీసి వారి చేతికిచ్చెను. మొన బూడిదవలె తెల్లబడలేదు, మసిబారలేదు. పాలు కలిపిన కాఫీ వన్నెగా నుండెను. అది మిశ్రమము సరియైనదనుటకు గుర్తని చెప్పగా, ప్లగ్గు చేతినుండి చేతికి పోయి, గంట కొట్టినను తిరిగి రాలేదు.