థాయ్ మర్దనకు మహిమలు అక్కర్లేదు

హైదరాబాదులోనో విశాఖలోనో 'థాయ్ మసాజ్' బోర్డు కంటబడితే మన మనసులో మెదిలేవి రెండే. ఒకటి, డబ్బున్నవాళ్ల విలాసం. రెండోది, 'మసాజ్ సెంటర్ ముసుగులో' అంటూ పత్రికల్లో వచ్చే పోలీసు దాడుల వార్త. ఆ విద్య పుట్టిన థాయ్‌లాండ్‌లో మాత్రం దాన్ని ప్రభుత్వాసుపత్రుల్లో చేస్తారు. ప్రజలందరికీ వర్తించే ఆరోగ్య పథకంలో అదీ ఒక చికిత్స. 2019 డిసెంబరులో యునెస్కో దాన్ని అమూర్త సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. మన దగ్గర దాన్ని వెనకేసుకొచ్చేవాళ్లు రెండున్నర వేల ఏళ్ల చరిత్రతో, ప్రాణశక్తి ప్రవహించే నాడులతో మొదలుపెడతారు. ఆ వాదన దానికి మేలు చేయదని నా అభిప్రాయం. థాయ్ మర్దన ఒంటికీ మనసుకీ ఉపశమనమిచ్చే చికిత్సే. ఆ మాట నిలబడాలంటే మహిమలు వదిలిపెట్టి, నేర్చిన చేతులు ఏం చేయగలవన్నది మాట్లాడుకోవాలి.

ముందు చరిత్ర సంగతి. థాయ్ మర్దనకారులు పని మొదలుపెట్టే ముందు బుద్ధుడి వైద్యుడైన జీవకుణ్ని పాళీ ప్రార్థనతో తలచుకుంటారు. ఆ భక్తిని తప్పుపట్టనక్కర్లేదు. కానీ బౌద్ధ గ్రంథమైన వినయపిటకంలో కనిపించే జీవకుడు తక్షశిలలో ఏడేళ్లు చదివి, బింబిసారుడికి మందు రాసి, ఒక వర్తకుడి తల తెరిచి శస్త్రచికిత్స చేసిన వైద్యుడు. మర్దన పద్ధతి కనిపెట్టాడని అందులో లేదు. ప్రాణశక్తి నాడులుగా థాయ్ మర్దన చెప్పే పది 'సెన్' రేఖల్లో మొదటి మూడూ మన యోగ గ్రంథాల ఇడ, పింగళ, సుషుమ్నలే కాబట్టి భారతదేశంతో చుట్టరికం నిజమే. గట్టి ఆధారాలు దొరికేది మాత్రం చాలా తర్వాతి కాలంలో. 1687లో సియాంకు, అంటే నాటి థాయ్‌లాండ్‌కు వచ్చిన ఫ్రెంచి రాయబారి లా లూబేర్, అక్కడ ఎవరికైనా జబ్బు చేస్తే నేర్పరి ఒకరు రోగి ఒంటిమీదికెక్కి కాళ్లతో తొక్కుతారని రాశాడు. ఆ తర్వాత పందొమ్మిదో శతాబ్దంలో రాజు మూడో రామ బ్యాంకాక్‌లోని వాట్ ఫో ఆలయాన్ని బాగుచేయిస్తూ, ఔషధ యోగాలతో పాటు ఒత్తాల్సిన చోట్లు గుర్తించిన మనిషి బొమ్మల్ని 60 రాతి ఫలకాల మీద చెక్కించాడు. 1955లో ఆ ఆలయంలోనే పాఠశాల వచ్చింది. ఈ విద్య చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే: గురుశిష్యుల మధ్య ఉండిపోవాల్సినదాన్ని గుడిగోడల మీద పెట్టి అందరిదీ చేయడం.

చేసే తీరు చూడండి. నేలమీద పరుపు, ఒంటిమీద వదులు బట్టలు. నూనె ఉండదు. పాదాల దగ్గర మొదలుపెట్టి అరచేతులతో పైకి నొక్కుకుంటూ వస్తారు. చేతులు నిటారుగా ఉంచి, ఒంటి బరువును మెల్లగా ముందుకు వాల్చి ఒత్తుతారు. మోచేయి, మోకాలు, పాదం కూడా పనిముట్లే. గజ్జల్లో నాడి కొట్టుకునేచోట అరచేయి ఆనించి కాసేపు అదిమి ఉంచి, నెమ్మదిగా వదిలేస్తారు. కాలి కొసదాకా వెచ్చదనం పాకుతుంది. గాలి ద్వారం తెరవడమని దానికి పేరు. జరిగేది మాత్రం ధమనిలో ఆగిన రక్తం తిరిగి కిందికి పారడం. బీపీ, గుండెజబ్బు, కాళ్లలో రక్తపు గడ్డలు ఉన్నవాళ్లకు అదే ఒత్తిడి ముప్పు. ఎవరికి చేయాలో, ఎవరికి చేయకూడదో తెలియడమే ఇక్కడ అసలు చదువు.

ఇక ఫలితాలు. 2005లో వెలువడిన ఒక థాయ్ అధ్యయనంలో, కండరాల్లో ముడులు కట్టి వెన్ను నొప్పెట్టే 180 మందిని రెండు జట్లు చేసి ఒక జట్టుకు థాయ్ మర్దన, మరో జట్టుకు స్వీడిష్ మర్దన చేశారు. రెండు జట్లకూ నొప్పి తగ్గింది, చెప్పుకోదగ్గ తేడా లేదు. 2011లో అమెరికాలో 401 మంది నడుంనొప్పి రోగుల మీద జరిగిన అధ్యయనంలో కండరాల లోపం వెతికి చేసే మర్దన, ఊరికే సేదదీర్చే మర్దన ఒకేలా పనిచేశాయి. పది వారాలకు రెండూ మామూలు వైద్యం కన్నా మెరుగు. ఏడాది తిరిగేసరికి ఆ మేలు కొంచెమే మిగిలింది. నాడీరేఖలే నొప్పి తగ్గిస్తున్నట్లయితే వాటి ఊసే లేని స్వీడిష్ పద్ధతి వెనకబడాలి. వెనకబడలేదు. మర్దన చేస్తున్నట్టు రోగికి తెలియకుండా పరీక్షించడం కుదరదు కాబట్టి, నమ్మకం పాలెంత, ఒత్తిడి పాలెంత అన్న సందేహం పూర్తిగా తీరదు. వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2015 నాటి సమీక్ష కూడా కొద్దికాలపు ఉపశమనాన్ని ఒప్పుకుంటూనే, ఆధారాల నాణ్యత తక్కువని తేల్చింది.

కొద్దికాలం తగ్గేదాన్ని చికిత్స అనొచ్చా అని అడగవచ్చు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్ర కూడా కొన్ని గంటలే పనిచేస్తుంది. అదేపనిగా మింగితే కడుపునీ కిడ్నీలనీ దెబ్బతీస్తుంది. నొప్పి, నిద్రలేమి, దిగులు ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. ఆ గొలుసు ఒక్కచోట సడలినా మనసు తెరిపిన పడుతుంది. మనసుకు మేలని నేను అనేది అంతవరకే. డిప్రెషన్‌కు డాక్టరు ఇచ్చే మందు మానేసి మర్దనకు వెళ్లమనడం ద్రోహం. రేఖలతో పనిలేనప్పుడు ఎవరు ఒత్తినా ఒకటే కదా అంటారేమో. ఆ అధ్యయనాల్లో మర్దన చేసింది ఆ విద్య నేర్చినవాళ్లు. పైగా థాయ్ పద్ధతిలో కీళ్లను వంచి, సాగదీస్తారు. చేయి తెలియనివాడు బోలు ఎముకల మనిషి మీద అదే చేస్తే ఎముక విరగొచ్చు.

అందుకే థాయ్‌లాండ్‌లో ఈ పనిలో చేరడానికి కనీసం 150 గంటల శిక్షణ, ప్రభుత్వం దగ్గర నమోదు తప్పనిసరి చేశారు. వాట్ ఫోలో 30 గంటల కోర్సు తొలిమెట్టు మాత్రమే. మన దగ్గర ఈ వృత్తి గురించి వినబడేది ఎక్కువగా పోలీసుల నోటే. శ్రద్ధగా పని నేర్చుకుని ఒళ్లు హూనం చేసుకునే అమ్మాయిలకు ఆ అనుమానపు చూపు చేసే అన్యాయం చిన్నది కాదు. శిక్షణ ఎన్ని గంటలుండాలో, మర్దనకు ముందు ఏమేం అడిగి రాసుకోవాలో ఆరోగ్యశాఖ తేల్చి, కచ్చితంగా అమలు చేయాలి. వెళ్లేవాళ్లు కూడా, బీపీ, గర్భం, పాత ఫ్రాక్చర్లు, రక్తం పలచబరిచే మందుల గురించి ఒక్క మాటైనా అడగకుండా పడుకోమన్నచోట పడుకోకండి. మెడ తిప్పి చటుక్కుమనిపిస్తామంటే అసలే వద్దనండి.