మోసపోయిన అవ్వదే తప్పా?

మా వాడ అవ్వ పాలమూరు వలసకూలి. మాదాపూర్‌లో మేడలు లేస్తున్నప్పుడు తట్టలు మోసింది. మొన్న ఎవడో ఫోన్ చేసి అడిగితే ఓటీపీ చెప్పేసింది. దాచుకున్న కూలి డబ్బులన్నీ పోయినయి. బ్యాంకుకు పోతే "ఎందుకు చెప్పినవ్?" అని గదమాయించారు. పంతుళ్ళమై ఉండి మేమూ అదే అన్నాం, సిగ్గులేకుండా.

గచ్చిబౌలి ఐఐఐటీలో ప్రీకాగ్ అనే విద్యార్థుల పరిశోధక బృందం ఉంది. దాన్ని నడిపే ఆచార్యుడు పొన్నురంగం కుమారగురు. ఆయన అమెరికాలో కార్నెగీ మెలన్‌లో చదివేటప్పుడు, తోటివారితో కలిసి ఉత్తుత్తి దొంగ ఈమెయిళ్ళు పంపాడు. నమ్మి నొక్కినోళ్ళకు అక్కడికక్కడే బొమ్మల కథతో మోసం గుట్టు విప్పారు. తిట్టలేదు, నేర్పారు. 2009లో అచ్చయిన ఆ పరిశీలనలో 515 మంది ఉన్నారు. అట్లా నేర్చుకున్నోళ్ళు 28 రోజుల తర్వాత కూడా మిగతావాళ్ళకన్నా తక్కువ మోసపోయారు.

అయితే ఆ 515 మందీ విశ్వవిద్యాలయం మనుషులు, ఇంగ్లీషు చదవగలిగినోళ్ళు. మా అవ్వకు తెలుగు అక్షరమే రాదు. అరిగిపోయిన ఆమె వేలిముద్రను రేషన్ మిషను గుర్తుపట్టదు. మనిషే కేంద్రంగా కంప్యూటర్ భద్రత అంటున్నారు గదా, ఏ మనిషి? గచ్చిబౌలి పిల్లలారా, మా వాడకు రండి. ఎట్లా నమ్మిందో అవ్వనే అడగండి. చాప మేం పరుస్తాం.