మసక వెనుక దీపాలు

సింగపూర్‌లో రాత్రి పూర్తిగా నల్లబడదు. కాంతి కాలుష్యంపై 2016లో వెలువడిన ప్రపంచ పటం ఈ దేశాన్నే ముందు వరుసలో నిలిపింది. ఇక్కడ ఎవరి కళ్లూ చీకటికి పూర్తిగా అలవాటు పడలేవని తేల్చింది. ఈ నగరంలో పుట్టిన మన పిల్లలకు పాలపుంత పుస్తకంలో బొమ్మే.

కటిక చీకటి పల్లెలోనూ కంటికి ఆనని పాలపుంత మరొకటి ఉంది. అది ఎక్స్ కిరణాల్లో వెలిగేది. ఆ కిరణాలను గాలి పొర నేల దాకా రానివ్వదు, మనమే పైకి వెళ్లి చూడాలి. 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోట నుంచి ఎగసిన ఆస్ట్రోశాట్ అలాంటి కన్నే. 650 కిలోమీటర్ల ఎత్తున దాని దారి భూమధ్యరేఖను అంటిపెట్టుకుని, సింగపూర్ దరిదాపుల మీదుగా సాగుతుంది.

ఎక్స్ కిరణాల్లో చూస్తే పాలపుంత పొడవునా మసక వెలుగు పరచుకుని ఉంటుంది. అది కోట్ల డిగ్రీల వాయువా? అంత వేడి వాయువైతే పాలపుంత పట్టుకు ఆగదు, ఎగిరిపోవాలి. మరి చిన్న చిన్న నక్షత్రాలా? దశాబ్దాలు తేలని ఈ చిక్కును విప్పడానికి చంద్ర టెలిస్కోపు నిండు చందమామ కన్నా చిన్న జాగాను పది రోజులకు పైగా చూసింది. 2009లో ఫలితం వచ్చింది. ఇనుము జాడ తెలిపే కిరణాల్లో 80 శాతానికి పైగా విడివిడి చుక్కలవే. వాటిలో చాలావరకు శ్వేత కుబ్జాలనే కుదించుకుపోయిన నక్షత్రాలు, చురుకైన జంట నక్షత్రాలు కావచ్చని తేలింది. శ్వేత కుబ్జాల బరువుకు హద్దు చెప్పిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరే ఆ టెలిస్కోపుది.

అలాగని మసకంతా చుక్కలే కాదు. 2020లో ఈరోసిటా అనే ఎక్స్ కిరణాల టెలిస్కోపు గీసిన పటంలో పాలపుంత నడిబొడ్డుకు పైనా కిందా రెండు పెద్ద బుడగలు బయటపడ్డాయి. ఒక్కొక్కటి దాదాపు 45,000 కాంతి సంవత్సరాల ఎత్తు. అవి నిజంగా వేడి వాయువే. చుక్కలను ఓపిగ్గా ఏరి పక్కన పెడితేనే ఏది వాయువో తెలుస్తుంది.

మనుషుల విషయంలోనూ అంతే. ఆదివారం సాయంత్రం ఇక్కడి లిటిల్ ఇండియాలో దూరం నుంచి చూస్తే అంతా ఒకటే జనం. వలస కూలీలు అన్న ఒక్క మాటలో అందరినీ కలిపేస్తాం. దగ్గరికి వెళితే ఫోనులో కూతురి పరీక్షల సంగతి అడుగుతున్న తండ్రి కనిపిస్తాడు, చెల్లెలి పెళ్లికి డబ్బు పంపే అన్న కనిపిస్తాడు. ఆగి, "మీదే ఊరండీ?" అని అడిగితే చాలు, ఆ మసకలో ఒక దీపం విడిగా వెలుగుతుంది.