షాద్‌నగర్‌లో కొనండి, షాద్‌నగర్ పేరు చూసి కాదు

షాద్‌నగర్‌లో ఇల్లు కొనుక్కోవచ్చా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. వాళ్లలో ఎక్కువమంది కొత్తూరు, నందిగామ వైపు ఫ్యాక్టరీల్లోనో, శంషాబాద్ ఎయిర్‌పోర్టు చుట్టుపక్కలో పనిచేసేవాళ్లు. హైదరాబాద్‌లో కిరాయి కట్టికట్టి అలసిపోయారు. నగరంలో ఫ్లాటుకు పెట్టే డబ్బుతో ఇక్కడ సొంత నేల మీద ఇల్లు కట్టుకోవచ్చని వాళ్ల ఆశ. ఆ ఆశలో తప్పేమీ లేదు. నేను చెప్పేది ఒక్కటే: షాద్‌నగర్‌లో కొనండి. షాద్‌నగర్ పేరు చెప్పి అమ్మేచోట కొనకండి.

ఊరు 44వ నంబరు జాతీయ రహదారి మీద, నగరానికి దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. బస్టాండు, రైల్వే స్టేషను, సర్కారు దవాఖానా, బడులు, కూరగాయల మార్కెట్టు అన్నీ ఊళ్లోనే. ఆదివారం నగరం నుంచి కార్లలో ఎక్కించుకొచ్చి చూపించేది మాత్రం ఈ ఊరిని కాదు. కొందుర్గు దారిలోనో, కేశంపేట దారిలోనో, జిల్లా దాటి బాలానగర్ వైపో పొలాల మధ్య ఒక ఆర్చీ, దాని వెనక సిమెంటు రోడ్లూ, నంబర్లు వేసిన రాళ్లూ. ప్లాట్లన్నీ ఎప్పుడో అమ్ముడుపోయిన వెంచర్లలో కూడా తుమ్మచెట్లు మొలిచి రాళ్లు కనిపించకుండా పోయాయి. ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అక్కడ కొన్నవాళ్లు ఉండటానికి కొనలేదు. గజం ధర పెరిగాక అమ్ముకోవడానికి కొన్నారు. వాళ్లను నేను తప్పుపట్టను. బిడ్డ పెళ్లికని, కొడుకు చదువుకని కూడబెట్టిన సొమ్ము అది. కానీ కాపురం పెట్టాలనుకునే కుటుంబానికి ఆ లెక్క పనికిరాదు. చుట్టూ ఇళ్లు లేనిచోటికి కిరాణా కొట్టు రాదు, ఆటో రాదు, బడి బస్సు ఆర్చి దగ్గరే ఆగిపోతుంది. భర్త నైట్ షిఫ్టుకు వెళ్తే ఇంట్లో ఇల్లాలూ పిల్లలూ ఎవరి భరోసాతో పడుకోవాలి? అర్ధరాత్రి అత్తగారికి గుండెనొప్పి వస్తే ఎవరి తలుపు తట్టాలి? బ్రోచర్లో క్లబ్‌హౌస్ బొమ్మ ఉంటుంది. పొరుగువాళ్లను మాత్రం ఏ కంపెనీ కట్టి ఇవ్వలేదు.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. ఈ నేల కింద ఉన్నది నల్లరేగడి కాదు, గట్టి రాయి. రాతి పగుళ్లలో నిలిచిన నీళ్లే బోర్లకు ఆధారం. పక్క ప్లాటులో పడిన బోరు మీ ప్లాటులో పడుతుందన్న హామీ లేదు. వానాకాలం పోసిన బోరు ఏప్రిల్ వచ్చేసరికి ఎత్తిపోవచ్చు. అందుకే ఇల్లు చూడటానికి మే నెలలో వెళ్లమంటాను. మిషన్ భగీరథ నల్లా ఉందా, ఎన్ని రోజులకోసారి వస్తుంది, ట్యాంకరువాడు ఎంత తీసుకుంటాడు అని అమ్మేవాడిని కాకుండా ఆ వీధిలో బిందె మోసే ఆడవాళ్లను అడగాలి. ఇళ్లున్న పాత వీధికి నీళ్లు రాకపోతే పదిమంది కలిసి మున్సిపాలిటీ ముందు నిలబడతారు. మూడు ఇళ్లున్న వెంచర్ కోసం ఎవరు నిలబడతారు?

ఇక కాగితాలు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీశాం, క్లియర్‌గా ఉంది అని ధీమాగా చెప్పేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. ఆన్‌లైన్‌లో దొరికే ఈసీ 1983 నుంచే మొదలవుతుంది. పైగా రిజిస్టర్ అయిన లావాదేవీలే అందులో కనిపిస్తాయి. తెలంగాణలో భూమి కథ అంతకన్నా చాలా పాతది. 1950 నాటి కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చింది. రెవెన్యూ మంత్రిగా, ఆ తర్వాత హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రిగా కౌలు సంస్కరణలను భుజాన వేసుకున్న బూర్గుల రామకృష్ణారావుకు ఇంటిపేరు తెచ్చిన బూర్గుల గ్రామం షాద్‌నగర్ పక్కనే ఉంది. ఆయన సొంత ప్రాంతంలోనే భూమి కొంటూ రక్షిత కౌలుదారుల రిజిస్టరు చూడకుండా బయానా ఇస్తున్నాం. ఆ చట్టం 38-ఇ సెక్షన్ కింద హక్కు పొందిన కుటుంబం వారసులు రేపు కోర్టుకు వస్తే వాళ్లది అన్యాయం అనలేం. అందుకే 1954-55 ఖాస్రా పహాణీ దాకా వెనక్కి వెళ్లాలి. గ్రామ నక్షా మీద సర్వే నంబరు పెట్టి చూడాలి. చెరువు శిఖం భూమి, అసైన్డ్ భూమి, బండ్ల బాట, వాగు ఎక్కడున్నాయో అక్కడే తేలుతుంది. నిషేధిత భూముల 22-ఏ జాబితా ఎలాగూ చూడాలి. ఈ పనికి వకీలుకిచ్చే ఫీజు దగ్గర పొదుపు చేయకండి.

వెంచర్‌కు లేఅవుట్ నంబరు ఉందంటే చాలనుకునేవాళ్లూ ఉన్నారు. అది తాత్కాలిక అనుమతో, తుది అనుమతో అడగండి. రోడ్లు, డ్రైనేజీ పనులు పూర్తయి తుది అనుమతి వచ్చేదాకా 15 శాతం ప్లాట్లు ప్రభుత్వ సంస్థ దగ్గర తనఖాలో ఉంటాయి. మీకు చూపించే ప్లాటు అందులోది కాదని కాగితం మీద చూసుకోవాలి. రోడ్లు, పార్కు స్థలం స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ చేశారో లేదో చూడాలి. 2020లో అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణకు ప్రభుత్వం పిలిస్తే రాష్ట్రవ్యాప్తంగా దాదాపు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. అనుమతి లేని ప్లాట్లలో ఇంతమంది సామాన్యుల సొమ్ము ఇరుక్కుందంటే తప్పు కొన్నవాళ్ల ఒక్కరిదే అనడం అన్యాయం. రిజిస్ట్రేషన్ ఆఫీసులు ఫీజు తీసుకునే ఆ దస్తావేజులు చేశాయి.

రీజనల్ రింగ్ రోడ్డు పేరుతో ఇప్పుడు మరో ఆశ అమ్ముతున్నారు. మ్యాప్ ప్రతి బ్రోకర్ ఫోన్‌లోనూ ఉంది. రోడ్డు దగ్గరగా వస్తే ధర పెరుగుతుంది, నిజమే. మన ప్లాటు మీదుగానే వస్తే? 200 గజాలు గజం 12 వేలకు కొని, కాగితం మీద 3 వేలు రాయించారనుకుందాం. పెట్టింది 24 లక్షలు, పత్రంలో ఉన్నది 6 లక్షలు. స్టాంపు, ట్రాన్స్‌ఫర్, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం చొప్పున మిగిల్చుకున్నది లక్షా 35 వేలు. భూసేకరణ జరిగితే పరిహారం లెక్క మొదలయ్యేది కాగితాల మీది ధరల నుంచే. బ్యాంకు లోన్ కూడా చేతిలో పెట్టిన నగదును చూడదు. పైగా స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 నుంచి నిషేధించింది. మధ్యతరగతి కుటుంబం తన జీవితకాలపు కష్టార్జితాన్ని లెక్కలో లేని డబ్బుగా మార్చి ఇస్తోంది. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

ఊళ్లో కొనమన్నాను కదా, అక్కడ అంతా సాఫీ అనుకోకండి. రెరా చట్టం కింద 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు మించని స్థలానికీ, 8 ఫ్లాట్లు మించని భవనానికీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చిన్న ఊళ్లలో కట్టే అపార్ట్‌మెంట్లలో చాలావరకు ఈ కొలతలోనే ఉంటాయి. ధరలో 10 శాతానికి మించి తీసుకోవాలంటే ముందు అగ్రిమెంటు రిజిస్టర్ చేయాలన్న నియమం పెద్ద ప్రాజెక్టులో కొన్నవాళ్లకు అండ. ఇక్కడ మీ అండ మీరే. మున్సిపల్ ప్లాను ఎన్ని అంతస్తులకు ఇచ్చారో, కట్టింది ఎన్నో చూడండి. 300 గజాల్లో ఆరు ఫ్లాట్లుంటే భూమిలో మీ వాటా 50 గజాలు రావాలి. ఆ సంఖ్య దస్తావేజులో ఉండాలి. నన్నడిగితే కొత్త ఫ్లాటు కన్నా, పదేళ్లుగా మనుషులు కాపురమున్న పాత ఇల్లు మేలు. గోడకు పగులున్నా చెమ్మ ఉన్నా కంటికి కనిపిస్తుంది.

ప్రయాణం గురించి ఒక మాట. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా రెండో లైను పడింది, కరెంటు వచ్చింది. ఎంఎంటీఎస్ మాత్రం 2023లో ఉందానగర్ దాకా వచ్చి ఆగింది. షాద్‌నగర్‌కు లోకల్ రైలు పొడిగిస్తే స్టేషనుకు నడిచి వెళ్లగలిగే ప్రతి ఇంటి విలువా పెరుగుతుంది. అక్కడి ఉద్యోగి జేబులో నెలనెలా మిగులు కూడా పెరుగుతుంది. ఈ ప్రాంత ప్రజాప్రతినిధులు గట్టిగా అడగాల్సింది ఇదే.

మున్సిపాలిటీ పరిధిలో ఖాళీ స్థలానికి పన్ను వేసే అధికారం చట్టంలో ఉంది. దాన్ని నిక్కచ్చిగా వసూలు చేసి, జనం కాపురమున్న వీధుల నీళ్లకూ డ్రైనేజీకీ ఖర్చుపెట్టాలి. ప్రతి వెంచర్ ఆర్చి దగ్గరా తెలుగులో ఒక బోర్డు ఉండాలి: సర్వే నంబర్లు, అనుమతి తాత్కాలికమా తుదిదా, తనఖాలో ఉన్న ప్లాట్ల నంబర్లు, రెరా నంబరు, నీటి ఆధారం, ఇప్పటిదాకా కట్టిన ఇళ్లు ఎన్ని. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. ఈ వివరాల్లో చాలావరకు ఆయా ఆఫీసుల ఫైళ్లలో ఇప్పటికే ఉన్నాయి. బయటికి తెచ్చి రాయించడమే మిగిలింది.