ఊపిరి తిరిగివచ్చే వేళ

మన దేహంలోని దాదాపు ప్రతి కణంలోనూ జన్యువుల గ్రంథమంతా ఉంటుంది. అయితే ఏ అవయవమైనా తన పనికి కావలసిన పుటలనే తెరుస్తుంది. మూడవ క్రోమోజోము మీద ఉన్న బి.సి.హెచ్.ఇ. అనే జన్యువును అధికంగా చదివేది కాలేయం. దాని ప్రకారం బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైమును తయారుచేసి రక్తంలోకి పంపుతుంది.

ఈ ఎంజైము కొరవడిన మనిషి సాధారణంగా ఆరోగ్యంగానే జీవిస్తాడు. తనలో లోపమున్న సంగతి అతనికే తెలియదు. అది బయటపడేది శస్త్రచికిత్స సమయంలో. శ్వాసగొట్టం అమర్చడానికి కండరాలను సడలించే సక్సినైల్ కోలిన్ అనే మందును మత్తువైద్యులు వాడడం కద్దు. రక్తంలోని ఎంజైము ఆ మందును విచ్ఛిన్నం చేయడం వల్ల కొద్ది నిమిషాలలోనే రోగి తిరిగి ఊపిరి తీసుకుంటాడు. ఎంజైము లేనివారికి ఆ కొద్ది నిమిషాలు గంటలవుతాయి. అంతసేపూ యంత్రమే ఊపిరి అందించాలి. అలా అందిస్తే వారు పూర్తిగా కోలుకుంటారు. ముందే తెలిస్తే వైద్యులు వేరొక మందు ఎంచుకుంటారు.

తల్లి నుండీ తండ్రి నుండీ లోపమున్న ప్రతులే సంక్రమించినవారికి ఈ ఇబ్బంది తీవ్రంగా ఉంటుంది. కోయంబత్తూరులోని వైశ్యులలో ఇటువంటి జన్యుమార్పు ఒకటి ఉన్నట్లు 2006లో వెల్లడైంది. ఇతరులకంటె వైశ్యులలో ఈ లోపం సుమారు నూరురెట్లు అధికమని 2017లో వెలువడిన ఒక అధ్యయనం పేర్కొన్నది. అందులో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పాలుపంచుకున్నారు. కొద్దిమంది పూర్వికుల సంతతి తరతరాలుగా తమలో తామే వివాహాలు చేసుకోవడం దీనికి కారణం. ఇది ఒక్క కులం కథ కాదు. ఆ అధ్యయనం పరిశీలించిన 263 దక్షిణాసియా సమూహాలలో 81 సమూహాల చరిత్రలో ఇటువంటి సంకోచం బలంగా కనిపించింది.

అనువాదకునిగా ఒక మనవి. దీనిని 'రోగం' అని తెనిగించరాదు. ఆ మాట పెండ్లి సంబంధాల దాకా పాకగలదు. ఆ మందు ఎదురుకానంతవరకు ఇది నిరపాయమైన లోపమే. మత్తువైద్యుడు కులమేమిటని అడిగితే నొచ్చుకోకండి. కొన్నిచోట్ల అది ప్రాణరక్షణకై అడిగే ప్రశ్న. ఇంట్లో ఎవరికైనా శస్త్రచికిత్స తరువాత ఊపిరి అందడం ఆలస్యమై ఉంటే, ఆ సంగతి వైద్యునికి చెప్పండి. తోబుట్టువులకు కూడా పరీక్ష చేయించండి. ఒక సామాన్య రక్తపరీక్షతో ఈ లోపం తెలిసిపోతుంది.